ఇనపలంకలో ముల్లంగి ఈగ

చిత్త కార్తె, శుద్ధ తదియ

ముల్లంగి ఆకు వాడింది. ఎండ వల్ల అనుకున్నాను. నా వంతు నీళ్ళలో సగం దానికే పోశాను. సాయంత్రానికి కూడా తల ఎత్తలేదు. మొక్క పీకి చూస్తే దుంప నిండా సొరంగాలు. లోపల బియ్యపు గింజంత తెల్ల పురుగులు.

మిగతా మొక్కల మొదళ్ళ దగ్గర బూడిదరంగు ఈగలు తిరుగుతున్నాయి. ఇంట్లో తిరిగే ఈగకన్నా చిన్నవి. చెయ్యి ఆడిస్తే లేస్తాయి. మళ్ళీ అక్కడే వాలతాయి.

ఇనపలంక మీద ఇలాంటి ఈగను నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ సముద్రం. వెనకటివాళ్ళు నీటి అడుగునుంచి నూనె తోడుకోవడానికి కట్టిన ఇనప అరుగు ఇది. నూనె అయిపోయింది, వాళ్ళు వెళ్ళిపోయారు, మేం ఎక్కాం. మేం వచ్చేసరికి ఇక్కడ ఇనుముంది, ఉప్పుంది, గాలుంది. మన్ను లేదు. మన్ను మేమే చేసుకున్నాం. చేప తలలు, నాచు, పొయ్యి బూడిద, కూరల తొక్కలు, క్షవరం రోజు రాలిన జుట్టు, అన్నీ కుళ్ళబెట్టి చేసుకున్నాం. నా మడి మంచమంత ఉంటుంది. అంత కావడానికి పదకొండేళ్ళు పట్టింది.

చిత్త, శుద్ధ పంచమి

మొదళ్ళ చుట్టూ బూడిద చల్లాను. ఈగలు తుమ్మనైనా తుమ్మలేదు.

చిత్త, శుద్ధ సప్తమి

పక్క వాటాలో లోవమ్మ ఉంటుంది. నన్ను బావా అంటుంది. వరస ఏమిటో నాకు తెలియదు. ఆవిడే పెట్టుకుంది. పొద్దున్నే మడి దగ్గరికి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏటి బావా, ఈగల్ని పెంచుతున్నావంట?"

"వచ్చాయి."

"వచ్చాయంట! నాకు రాలేదే? మా గడపలో ఒక్కటి కనబడిందా? మనిషి శుభ్రంగా ఉంటే మడి శుభ్రంగా ఉంటది. ఆ బనీను ఉతికి ఎన్నాళ్ళయింది?"

బనీను నిన్ననే ఉతికాను.

వెనకాల ఆవిడ కోడలు నూకరత్నం నిలబడి ఉంది. పెళ్ళయి రెండు నెలలు కాలేదు, గట్టు మీద నుంచి వచ్చిన పిల్ల. గట్టు అంటే మేం వదిలి వచ్చిన నేల. ఆ పిల్ల ఈగల వైపు చూసి మొహం తిప్పుకుంది. ఏదో చెప్పబోయి మానేసినట్టు అనిపించింది.

చిత్త, శుద్ధ నవమి

లోవమ్మ మడిలోనూ ఈగలు. ఇవాళ బనీను మాట ఎత్తలేదు.

చిత్త, శుద్ధ ద్వాదశి

ఇంకో తొమ్మిది ఇళ్ళలో కనబడ్డాయి. అందరం దోమతెరలు తెచ్చి మడుల మీద కప్పాం. అంచుల మీద ఇనప ముక్కలు బరువు పెట్టాం. ఈగ లోపలికి దూరలేదు కదా అనుకున్నాం. లంక అంతా పెళ్ళికూతుళ్ళు వరసగా కూర్చున్నట్టుంది.

తనిఖీ పడవ ఈ పున్నమి కాక పై పున్నమికి వస్తుందని కబురు. గట్టు మీది పంటల ఆఫీసు పంపిస్తుంది. మడుల్లో జిగురు అట్టలు పెడతారు. ఈగ అంటుకుంటే ఆ మడికి పొగమందు. ఈగలు చాలా మడుల్లో ఉంటే లంక అంతటికీ.

పొగమందు పడితే ఈగ చస్తుంది. వానపామూ చస్తుంది. మన్నులో కంటికి కనబడని ప్రాణం కూడా చస్తుంది. ఆ తర్వాత పంట పంటకీ ఎరువు గుళికలు వేస్తేనే మొలక వస్తుంది. ఆ గుళికలు గట్టు మీదే తయారవుతాయి. వాళ్ళు ఇస్తే తినాలి, ఇవ్వకపోతే పస్తు. ఆ బతుకు వద్దనే ఇక్కడికి వచ్చాం.

స్వాతి కార్తె, బహుళ విదియ

దోమతెర ఎత్తి చూశాను. లోపల ఈగలు. మునుపటికన్నా ఎక్కువ. బయట గాలికి కొట్టుకుపోయేవి కూడా తెర చాటున హాయిగా ఉన్నాయి.

తెరకి చిరుగు లేదు. అంచులు కదల్లేదు. మన్ను వేలితో కెలికాను. గోధుమరంగు గూళ్ళు దొరికాయి, జొన్నగింజల్లాగా. ఒకటి చిదిమితే లోపల ఈగ మడిచిపెట్టినట్టు ఉంది.

ఈగ పైనుంచి రావడంలేదు. మన్నులోంచి లేస్తోంది. దొంగని ఇంట్లో పెట్టి తలుపు వేశాం.

మరి మన్నులోకి ఎలా వచ్చింది?

స్వాతి, బహుళ చవితి

అందరం నీళ్ళ ట్యాంకు కింద కూర్చున్నాం. ఎవరి మడి ముందు, ఎవరిది వెనక అని తగువు పడ్డారు. లోవమ్మ నా మడే ముందంది. అది నిజమే. తలూపాను.

అప్పుడు నూకరత్నం లేచి నిలబడింది. కొంగు వేలికి చుట్టుకుంటూ, అత్తగారి వైపు చూడకుండా చెప్పింది.

"అయ్యి మా సారెలో వచ్చాయండి."

ఎవరికీ అర్థం కాలేదు.

"పెళ్ళికి మా అమ్మ బుట్టెడు ముల్లంగి పంపింది కదండి. మందు కొట్టనిది. మా పెరట్లో చాటుగా పండించింది. బాగున్న దుంపలు పులుసులో పడ్డాయి. పుచ్చు కోసి తొక్కల్లో వేశారు. ఆ తొక్కలు..."

మిగతాది చెప్పక్కర్లేకపోయింది. మా లంకలో పెళ్ళి విందు అయ్యాక తొక్కలు పారెయ్యం. చేపల వేట పంచుకున్నట్టు ఇంటికింత వాటా వేస్తాం. మన్నుకి అది పండగ. తొక్కల వాటా తక్కువైందని అలిగినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు ఒంటరివాణ్ణని ఆ రోజు ఒక దోసెడు ఎక్కువ వేశారు. అందుకే నా మడి ముందు.

పురుగుని తూకం వేసి పంచుకున్నాం.

లోవమ్మ మొహం ఎర్రబడింది.

"ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావే? మీ అమ్మ సారె పంపిందనుకున్నాను గానీ శని పంపిందనుకోలేదు!"

"అత్తా, మీరు గట్టుకి పంపేస్తారేమోనని..."

"పంపేత్తాను! ఈగల్తో సహా బుట్టలో పెట్టి పంపేత్తాను!"

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది కానీ కూర్చోలేదు. "మా అమ్మకి ఏటా వచ్చేయండి ఇవి. ఒక్క మూల ముల్లంగి ఉంచేది. మిగతా చోట ముల్లంగి, ఆవ, కాబేజీ ఏవీ ఉంచేది కాదు. ఈగలన్నీ ఆ మూలకే పోయి గుడ్లు పెట్టేవి. పురుగు గూడు కట్టకముందే దుంపల్తో సహా పీకి ఉడకబెట్టేసేది. రెండు మూడుసార్లు అలా చేస్తే తగ్గిపోయేవి."

"ఎర," అన్నారు ఎవరో. చేపలు పట్టేవాళ్ళకి ఆ మాట విడమరచనక్కర్లేదు.

ఎర ఎవరి మడి అన్నారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మిగతావాళ్ళు పచ్చి పంట పీకెయ్యాలి. ఎర వేసినవాడి మడిలోకి అందరి ఈగలూ వస్తాయి. పడవ వచ్చేనాటికి అవి పోకపోతే అతని పని అయిపోయినట్టే.

"నాది," అన్నాను.

స్వాతి, బహుళ దశమి

అందరూ ముల్లంగి పీకేశారు. ఆవ పీకేశారు. రెండు రోజులు ఇంటింటా ముల్లంగి ఆకు పప్పే. మట్టి జల్లెడ పట్టి గూళ్ళు ఏరుతున్నారు.

నా మడి ఒక్కటే పచ్చగా ఉంది. సాయంత్రం వేళ ఈగలు జాతరకి వచ్చినట్టు వస్తున్నాయి. దగ్గర కూర్చుంటే కళ్ళలో పడుతున్నాయి. చూడ్డానికి కడుపు మండింది. అయినా తోలలేదు.

స్వాతి, అమావాస్య

మొదటిసారి పీకాను. మడి పక్కనే మూడు ఇనప కడ్డీల మీద పొయ్యి పెట్టి, సముద్రపు నీళ్ళు మరిగించి, దుంపలు పురుగులతో సహా వేశాను. పురుగులు గిన్నెలో తెల్లగా పైకి తేలాయి. ఉప్పులేని నీళ్ళతో కడిగి, చల్లార్చి మళ్ళీ మన్నులోనే కలిపాను. మన్నుది మన్నుకే.

మళ్ళీ విత్తనం వేశాను. పాత మొక్కలు నాలుగు వరసలు వదిలాను.

విశాఖ కార్తె, శుద్ధ అష్టమి

నాలుగు వరసల్లో రెండు పీకి ఉడకబెట్టాను. ఈగలు తగ్గాయి. నూకరత్నం రోజూ వచ్చి మొదళ్ళు చూస్తోంది. గుడ్డు కనబడితే గోటితో తీసేస్తుంది. నాకు కనబడవు. ఆ పిల్ల లెక్కపెడుతుంది, నేను వింటాను.

"పెదమావయ్యా, మా అత్త నాతో మాట్లాడ్డంలేదు," అంది.

"తిడుతోందా?"

"తిడుతోందండి."

"అయితే మాట్లాడుతున్నట్టే."

నవ్వింది.

విశాఖ, పున్నమి

పొద్దున్నే పడవ వచ్చింది. నేను అప్పటికే చివరి రెండు వరసలూ పీకి పొయ్యి వెలిగించాను. లేత మొక్కలు కొన్ని ఉన్నాయి. వాటినీ తీసెయ్యాలి.

తనిఖీ అధికారి పేరు సుభాషిణి. నలభై దాటి ఉంటాయి. ఎండకి నల్లబడిన మనిషి, అరవని మనిషి. నిన్న సాయంత్రమే చిన్న పడవలో మనుషుల్ని పంపి అన్ని మడుల్లో పసుపు అట్టలు పెట్టించింది. ఇవాళ ఒక్కొక్కటీ తీసి చూసుకుంటూ వచ్చింది. లోవమ్మ మడిలో ఖాళీ. పక్కది ఖాళీ. అన్నీ ఖాళీయే. నా అట్ట మీద ఐదు ఈగలు.

"పెద్దాయనా, మీ ఒక్క మడే," అంది. "మిగతావాళ్ళకి ఏమీ చెయ్యను. దీనికి మందు వేసి, సంతకం పెట్టి వెళ్ళిపోతాను."

"ఇంకో పక్షం ఆగండమ్మా. పోతాయి."

"పడవ మళ్ళీ మూడు నెలలకి గానీ రాదు. ఈలోగా ఒక్క ఈగ ఏ బుట్టలోనో గట్టుకి వస్తే? మా అన్నయ్యది కూడా వ్యవసాయమే. మీమీద కోపం ఉండి రాలేదు నేను."

అది అబద్ధం కాదు. ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది.

పొగమందు గొట్టం వీపుకి కట్టుకుని ఒక కుర్రవాడు వచ్చాడు. ఇర్మియా అట. మడి దాకా వచ్చి ఆగిపోయాడు.

"అమ్మగారూ, పొయ్యి వెలుగుతుందండి. ఈ మందు అంటుకుంటదండి. నిప్పుండగా గొట్టం తెరవకూడదండి."

"పెద్దాయనా, పొయ్యి ఆర్పండి," అంది ఆవిడ.

ఆ మందుకి నిప్పు పడదని నాకు అంతవరకూ తెలియదు. పురుగుల కోసం వెలిగించిన పొయ్యి అది. నా చేతిలో ఒక పిడక ఉంది. మేం నాచు ఎండబెట్టి పిడకలు చేసుకుంటాం.

ఆ పిడక పొయ్యిలో పెట్టాను.

"ఆర్పను."

అందరూ చూస్తున్నారు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు నాలుక ఎండిపోతుంది. పిడక సరిగ్గా పెట్టడానికి రెండుసార్లు సర్దాను.

"ఒక్క మడేగా, ఇచ్చెయ్యరాదా," అన్నారు వెనక ఎవరో. "లంక బతుకుద్ది."

తిరిగి చూడలేదు. పొయ్యి వైపు చూస్తూనే చెప్పాను. "గట్టు మీదా మొదట ఒక్క మడే అన్నారు."

ఇక్కడున్న ముసలివాళ్ళందరికీ గట్టు మీద ఒకప్పుడు పొలం ఉండేది.

సుభాషిణి కోప్పడలేదు. బోర్లించిన బకెట్టు ఒకటి లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది. "రేపు పొద్దున పోటు మీద మా పడవ వెళ్ళాలి. అంతవరకూ మండిస్తారా? మండించండి. మీ బుట్టలో ఎన్ని పిడకలున్నాయో నాకూ కనబడుతోంది."

నాకూ కనబడుతోంది. మధ్యాహ్నానికి సగం అయ్యాయి.

మంట చిన్నది చేశాను. చిన్నది చేస్తే ఇర్మియా ఒక అడుగు ముందుకి వచ్చాడు. మళ్ళీ పెద్దది చేశాను. వెనక్కి వెళ్ళాడు.

"తాతా, నన్ను ఆడించకండి," అన్నాడు. "ఈ గొట్టం బరువుగా ఉంది."

"దింపి కూర్చో."

దింపాడు.

బుట్ట అడుగున నాలుగు పిడకలు మిగిలినప్పుడు లోవమ్మ వచ్చింది. నెత్తిన బుట్ట. నా పక్కన ధడాలున దింపింది. నిండా పిడకలు. తుపానుల నెలకి దాచుకున్నవి.

"అవెందుకు?" అన్నాను.

"నీ బనీను కాల్చడానికి." బుట్ట పొయ్యి దగ్గరికి జరిపింది. "నా మడిలో ఈగలు ఎక్కడికి పోయినయ్యి బావా? నీ మడికి వచ్చినయ్యి. నేను ఖాళీ అట్ట చూపించుకుని ఇంట్లో కూచుంటే అన్నం ఎలా దిగుద్దీ?" తర్వాత అధికారి వైపు తిరిగింది. "అమ్మా, ఆ ఈగలు మాయి. మా కోడలి పుట్టింటి సారె. ఆ పెద్దాయనకి అప్పనంగా వచ్చినయ్యి."

"మీరు చెప్పేది నాకు అర్థం కావడంలేదు," అంది సుభాషిణి.

"అర్థం కాపోతే కూచోండి. పొద్దుటి దాకా చెప్తాను."

కాసేపటికి నూకరత్నం ఇంకో బుట్ట తెచ్చింది. లోవమ్మ ఆ పిల్లని చూసి, "చూత్తావేంటి, ఊదు," అని పొయ్యి ఊదుగొట్టం చేతికిచ్చింది. నెల రోజుల తర్వాత కోడలితో అన్న మొదటి మంచి మాట అది.

ఆ తర్వాత ఎవరు ముందు తెచ్చారో ఎవరు వెనక తెచ్చారో గుర్తులేదు. ఒకళ్ళు రెండు పిడకలు, ఒకళ్ళు గోనెడు, ఒకళ్ళు విరిగిన పీట. "ఒక్క మడేగా" అన్న గొంతు కూడా వచ్చింది. తలొంచుకుని బుట్ట పెట్టి వెళ్ళింది. మంట వృథా పోకూడదని గిన్నెలు తెచ్చారు. ఒకే పొయ్యి మీద లంక అంతటికీ వంట. అన్నం, చేపల పులుసు, ఎండు రొయ్యల వేపుడు. సుభాషిణికీ ఇర్మియాకీ ముందు పెట్టారు.

"తినండమ్మా," అంది లోవమ్మ. "ఆర్పం గానీ, పెడతాం."

ఆవిడ పళ్ళెం వంక చూసింది, పొయ్యి వంక చూసింది. తింది. ఇర్మియా రెండోసారి పులుసు అడిగాడు.

విశాఖ, బహుళ పాడ్యమి

రాత్రంతా మండింది. వంతులు వేసుకున్నారు. నన్ను పడుకోమన్నారు. పడుకోలేదు.

పోటు వచ్చింది. పడవ గంట కొట్టారు. సుభాషిణి లేచి చీర దులుపుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మందు వెయ్యలేదని రాస్తాను. అడ్డుపడ్డారని కూడా రాయాలి. ఈ శీతాకాలం మీకు గట్టు నుంచి కిరసనాయిలు పడవ రాదు. అది నా చేతిలో లేదు."

"సరే."

"మూడు నెలలకి మళ్ళీ వస్తాను. నిప్పుకి అంటుకోని మందు వచ్చింది. అది తెస్తాను."

"రండి."

వెళ్ళేముందు వంగి నా మడిలోంచి చిటికెడు మన్ను తీసింది. వేళ్ళ మధ్య నలిపి వాసన చూసింది. తిరిగి అక్కడే పోసి చెయ్యి కడుక్కోకుండా పడవ ఎక్కింది.

పడవ కనబడకుండా పోయాక పొయ్యి ఆర్పాం. లంకలో ఒక్క పిడక మిగల్లేదు.

లేత మొక్కలు అన్నీ పీకేశాను. మన్ను జల్లెడ పట్టాను. గూళ్ళు మూడు దొరికాయి. కొత్త విత్తనం వేశాను.

అనూరాధ కార్తె, బహుళ ఏకాదశి

తుపాను. నాచు ఆరడంలేదు. ఇంటింటా అటుకులు నానబెట్టి తింటున్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. లోవమ్మ అంది, కానీ ఆవిడ రోజూ అంటుంది.

అనూరాధ, అమావాస్య

మొదళ్ళ దగ్గర ఒక ఈగ. చెప్పు తీసి కొట్టాను. మొక్క కూడా ఒకటి పోయింది. ఆ మొక్క పీకి చూస్తే గుడ్లు లేవు.

జ్యేష్ఠ కార్తె, శుద్ధ ద్వాదశి

వాన తెరిపిచ్చింది. నా మడి చుట్టూ అప్పుడే జనం. దుంప ఇంకా వేలి లావే ఉంది. వారం ఆగితే ఊరుతుందన్నాను. లోవమ్మ వినలేదు. ఒకటి పీకేసింది.

కత్తి నా చేతికిచ్చారు. అడ్డంగా కోశాను. తెలుపు. నిలువుగా కోశాను. ఆ చివర నుంచి ఈ చివరి దాకా తెలుపు. నూకరత్నం నా చేతిలోంచి లాక్కుని వెలుతురుకి పెట్టి చూసింది. ఒక్క గీత లేదు.

ఇంకో నాలుగు పీకారు. అవీ అంతే.

"పులుసు పెడదామంటే పొయ్యి లేదు," అన్నారు ఎవరో.

"పులుసెందుకు?" లోవమ్మ ముక్క మీద ఉప్పు అద్ది నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఓలమ్మో! నషాళానికి అంటింది బావా! ఇది ముల్లంగా, మిరపకాయా?"

"ఆగమన్నాను."

"ఏడిశావులే." ఇంకో ముక్క తీసుకుంది. సగం కొరికి మిగతా సగం కోడలి నోట్లో పెట్టింది.

అందరూ తిన్నారు. దగ్గుతూ, ముక్కులు తుడుచుకుంటూ, చిన్న ముక్కలే అయినా వంతు వచ్చేదాకా నిలబడి తిన్నారు.

పిడకలు లేవు. కిరసనాయిలు లేదు. తనిఖీ పడవ ఇంకో రెండు నెలలకి వస్తుంది. రేపు లోవమ్మ మడిలో విత్తనం వేస్తాం, ఎల్లుండి ఆ పక్క మడిలో. పొయ్యి లేకపోతే పచ్చిదే తింటాం.